తలుపులు బండెక్కిన రోజు

ఒకానొక రాజ్యంలో సైన్యం తక్కువ, తలుపులు ఎక్కువ. నవ్వకండి, కథంతా అక్కడే ఉంది.

ఆ రాజ్యం పేరు ఏడుగుట్టల సీమ. అక్కడి జనం తరతరాలుగా పశువుల మందలు కాచుకుని బతికేవాళ్ళు. పడమటి చక్రవర్తి ఏలుబడిలో వాళ్ళు పడని పాట్లు లేవు. చక్రవర్తి మనుషులు వచ్చి కట్టేసిన ఎద్దును విప్పుకుపోయేవారు, పొయ్యి మీది కుండను దించుకుపోయేవారు. చూసి చూసి ఒకరోజు జనం తిరగబడ్డారు. అందరికన్నా ముందు నిలబడినవాడు బయ్యప్ప అనే మందకాపరి. కాళ్ళకు చెప్పుల్లేవు, చేతిలో ఉన్నది ఒక్క దుడ్డుకర్ర. దాంతోనే గుట్ట మీది కోటలోకి చొరబడి చక్రవర్తి అధికారిని తరిమేశాడు. జనం అతణ్ణి భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించి ఆ రోజే రాజును చేశారు.

అంతవరకూ బాగానే ఉంది. కానీ పెట్టిన కిరీటం నెత్తి మీద ఆగకుండా లోపలికి దిగింది. బయ్యప్ప కాస్తా శ్రీ సమరవిక్రమ బయ్యప్ప మహారాయలవారు అయి కూర్చున్నాడు.

"చక్రవర్తి కోటలో వాకిలికి ఇద్దరేసి బల్లేలవాళ్ళు ఉంటారట. మనకు నలుగురేసి ఉండాలి" అన్నాడు.

ఉంచారు.

"చక్రవర్తి గొడుక్కి కాపలా ఉంటుందట. మన గొడుక్కీ ఉండాలి" అన్నాడు.

పెట్టారు. గొడుగు తరవాత పాదుకలకు, పాదుకల తరవాత సింహాసనానికి, సింహాసనం తరవాత నగారాకు, పట్టెమంచానికి, తమలపాకుల పెట్టెకు కాపలా పెట్టారు. చివరికి రాజుగారి నిమ్మకాయ ఊరగాయ జాడీకి కూడా బుడ్డన్న అనే భటుణ్ణి బల్లెంతో సహా నిలబెట్టారు. పాపం బుడ్డన్న మంచి విలుకాడు. ఎగిరే కొంగను కొట్టగలిగిన మనిషి ఈగలు తోలుకుంటూ నిలబడ్డాడు.

ఏ చక్రవర్తిని తరిమికొట్టాలని ఇంత రక్తం ధారపోశారో ఆ చక్రవర్తిలాగే ఉండాలని మన రాజుగారి తాపత్రయం. ఏం చెప్పమంటారు!

ఇంకొక్క మాట ఇక్కడే చెప్పేస్తాను, తరవాత అడక్కండి. ఆ సీమలో కాపలాకు నిలబడేవాడు ఒట్టు వేసి మరీ నిలబడాలి. తను దేనికి కాపలాయో దాని మీద చెయ్యి ఆనించి, "నువ్వున్నంతసేపు నిన్ను విడవను" అనాలి. తలుపుకు కాపలా అయితే తలుపు మీద, గొడుక్కి కాపలా అయితే గొడుగు కర్ర మీద. ఆ ఒట్టు తప్పినవాడికి ఊళ్ళో ఎవరూ పిల్లనివ్వరు, నిప్పివ్వరు. అంత గట్టి ఒట్టు అది.

ఈ కాపలాల వల్ల అందరికన్నా ఎక్కువ నలిగిపోయినవాడు దళవాయి మైలారయ్య. సైన్యం మొత్తానికీ పెద్ద అతనే. పేరుకే పెద్ద, చేతికింద మనుషులేరీ? చక్రవర్తి దండు పడమటి వైపున కాచుకుని కూర్చుంది. దాన్ని లోపలికి రాకుండా ఆపుతున్నది గద్దకనుమ అనే ఇరుకుదారి. ఉన్న సైన్యంలో సగం ఆ కనుమలో ఉంది. కొంత వాగుల దగ్గర, కొంత ఊళ్ళ పొలిమేరల్లో సర్దాడు. మిగిలినదంతా కోటలో తలుపులకూ గొడుగులకూ సరిపోయింది. ఇక కనుమకు తిండి మోసుకెళ్ళే బండ్ల వెంట నడవడానికి పురుగు కూడా మిగల్లేదు.

కాపలా లేని బండ్లు రెండుసార్లు బయల్దేరాయి. రెండుసార్లూ మద్దివాగు దగ్గర శత్రువుల రౌతులు గుర్రాల మీద వచ్చి ఎగరేసుకుపోయారు.

కనుమలో సైన్యానికి నాయకుడు లింగన్న. మైలారయ్యకు సొంత తమ్ముడు, చిన్నప్పుడు ఈ అన్నే భుజాన వేసుకుని పెంచాడు. ఆ పొద్దున లింగన్న దగ్గర్నుంచి వచ్చిన మనిషి దళవాయి ముందు కూలబడి చెప్పాడు.

"దళవాయిగారూ, గడ్డలు తవ్వుకు తింటున్నాం. ఇప్పుడవి కూడా అయిపోయాయి. చిన్నదళవాయిగారు తన వాటా పక్కవాళ్ళకు పెట్టి తను నీళ్ళు తాగి పడుకుంటున్నారు. ఈ వారంలో రాగులు రాకపోతే కనుమలో విల్లు ఎత్తే ఓపిక ఎవరికీ ఉండదు."

 కనుమ పోతే కోట పోతుంది, కోట పోతే మళ్ళీ చక్రవర్తి మనుషులు పొయ్యి మీది కుండలు దించుకుపోతారు. అన్నిటికన్నా ముందు తమ్ముడు పోతాడు. మైలారయ్య తలపాగా సర్దుకుని నేరుగా కొలువుకు వెళ్ళాడు.

"ప్రభూ, కనుమలో మనవాళ్ళు పస్తులున్నారు. బండ్ల వెంట పంపడానికి కోటలోంచి కొంతమంది కాపలావాళ్ళను ఇప్పించండి" అని చేతులు జోడించాడు.

రాజు మీసం సవరించుకున్నాడు. "ఏ కాపలా తీసేయమంటావు? తలుపులదా? రేపు పొరుగు రాజుల దూతలు వచ్చి చూస్తే, వీడి ఇంటికి దిక్కూ దివాణం లేదు, మందకాపరి మందకాపరే అనుకోరూ?"

"అనుకుంటే అనుకోనివ్వండి ప్రభూ. బతికుంటే కదా మర్యాదలు."

"మైలారయ్యా! నోరు జాగ్రత్త. నా కోటలో ఒక్క కాపలావాడు కూడా తన కాపలా విడవడానికి వీల్లేదు. ఇదే నా ఆజ్ఞ."

 మైలారయ్యకు కళ్ళ వెంట నీళ్ళొక్కటే తక్కువ. అప్పుడు స్తంభానికి ఆనుకుని వక్క కొరుక్కుంటున్న మనిషి ఒకడు ముందుకొచ్చాడు. అతని పేరు కోనప్ప.

కొలువులో కోనప్ప ఉద్యోగమేమిటంటే ఎవరూ చెప్పలేరు. మంత్రి కాదు, కవి కాదు, పురోహితుడు అంతకన్నా కాదు. రాజు మందలు కాచే రోజుల్లో పక్క గుట్ట మీద మందలు కాచేవాడు. రాజుగారికి ఎదురు చెప్పి కూడా మెడ మీద తల నిలుపుకున్నవాడు అతనొక్కడే.

"ప్రభువుల మాటే సరైనది. ఒక్క కాపలావాడు కూడా తన కాపలా విడవకూడదు. విడవకుండానే బండ్లను కాపలాతో కనుమకు చేర్చాలి. అంతే కదా? అదెంత పని?" అన్నాడు కోనప్ప.

రాజు పకపకా నవ్వాడు. "మనుషుల్లేకుండా కాపలా ఎక్కణ్ణుంచి తెస్తావోయ్? ఆకాశంలోంచి దింపుతావా?"

"ఆ బాధ నాది ప్రభూ. కొంచెం సామాను కావాలి, అంతే."

"సామాను ఎంతైనా తీసుకో! నా కోటలో ఏ వస్తువు కావాలన్నా పట్టుకుపో, అడ్డుకునేవాడు లేడు. మనుషుల్ని మాత్రం ఒక్కణ్ణి కూడా అడక్కు. బండ్లు చేరితే అడిగిన బహుమానం ఇస్తాను. కాపలావాడు ఒక్కడు తన కాపలా విడిచినట్టు తెలిసిందా, నీ తల తీసి కోట గుమ్మానికి కట్టిస్తాను. సరేనా?"

"మహాప్రసాదం. ఈ మాట కొలువంతా విన్నది" అని కోనప్ప నేల ముట్టుకుని దండం పెట్టాడు.

బయటికి రాగానే మైలారయ్య అతని రెట్ట పట్టుకుని పక్కకు లాగాడు. "నీకేమైనా పిచ్చా కోనప్పా? అక్కడ నా తమ్ముడి ప్రాణం పోతోంది, ఇక్కడ నీ తల కూడా పోగొట్టుకుంటావా?"

"తల సంగతి తరవాత చూద్దాం దళవాయిగారూ. రేపు ఏ వారం?"

"శనివారం."

"రాజుగారు తలంటుకునే రోజు కదా? నలుగు, నూనె, కుంకుడు రసం, సాంబ్రాణి... మధ్యాహ్నం దాకా స్నానాలగది దాటి రారు. మీరు వెళ్ళి బండ్లకు రాగులెత్తించండి. ఊళ్ళో వడ్రంగులుంటే ఇద్దర్ని పంపండి" అని కోనప్ప వక్క నములుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కోటలో టకటకమని చప్పుడు మొదలైంది. మైలారయ్య పరుగెత్తుకొచ్చి చూస్తే వడ్రంగులు తూర్పు వాకిలి తలుపులు ఊడదీస్తున్నారు. ఆ తలుపులంటే తలుపులా! చేయి మందాన టేకు చెక్క, దానికి ఇనప బొడిపెలు. వాటిని మోసుకొచ్చి రాగుల బండికి రెండు వైపులా నిలబెట్టి తాళ్ళతో కట్టేశారు.

తూర్పు వాకిలి భటులు నలుగురూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

"ఏం బాబూ, అక్కడే నిలబడ్డారు? మీరు ఒట్టు వేసింది దేని మీద?" అన్నాడు కోనప్ప.

"తలుపు మీద."

"తలుపెక్కడుంది?"

"బండి మీద."

"బండెక్కడికి పోతోంది?"

నలుగురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒకడు కిసుక్కున నవ్వాడు. మరుక్షణం నలుగురూ బల్లేలు భుజాన వేసుకుని వచ్చి తలుపు మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. వాళ్ళలో ఒకడి అన్న కనుమలోనే ఉన్నాడు మరి.

మైలారయ్యకు అప్పుడు అర్థమైంది. అతనికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, కోనప్పను కౌగలించుకోబోయి ఎవరైనా చూస్తారని ఆగిపోయాడు. "నువ్వు మనిషివి కాదయ్యా" అన్నాడు.

ఇక చూడాలి ఆ సంబరం! పడమటి వాకిలి తలుపులు ఒక బండికి. దర్బారు తలుపులు ఇంకో బండికి. గొడుగు బండెక్కింది, గొడుగు భటులు వెంట నడిచారు. నగారా బండెక్కింది, సింహాసనం బండెక్కింది. పట్టెమంచం మీద రాగుల మూటలు పేర్చారు. పట్టుపీట మీద పెట్టిన పాదుకలు వచ్చాయి. ఊరగాయ జాడీని గడ్డిలో కుదురుగా పెడుతుంటే బుడ్డన్న విల్లంబులు తగిలించుకుని బండి పక్కన ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. బండ్లు తోలడానికి ఊరి ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ ముందుకొచ్చారు. స్నానాలగది తలుపొక్కటి మాత్రం ముట్టుకోలేదు. ఎంతైనా మర్యాద ఉండాలి కదా.

బండ్లు గుట్ట దిగి పడమటి దారి పట్టాయి. కోనప్ప ముందు బండి మీద కూర్చున్నాడు. మైలారయ్య పక్కన నడుస్తున్నాడు. ప్రాణం లేచొచ్చినట్టే ఉన్నా అతనికి ఒక్క దిగులు మాత్రం పోలేదు.

"కోనప్పా, అంతా బాగుంది గానీ వీళ్ళందరూ కాలినడక వాళ్ళు. మద్దివాగు దగ్గరికి శత్రువులు వచ్చేది గుర్రాల మీద. మనకు రౌతులు లేకపోతే ఎలా?"

"వస్తార్లెండి."

"ఎక్కణ్ణుంచి?"

"దారిలోనే ఉండి ఉంటారు" అని కోనప్ప వెనక్కి తిరిగి గుట్ట వైపు చూశాడు. కాసేపటికి మళ్ళీ చూశాడు. పైగా, "ఎద్దులకు ఆయాసం, నెమ్మదిగా తోలండమ్మా" అని బండ్లవాళ్ళకు చెప్పాడు. అవతల తమ్ముడు ఆకలితో మాడుతుంటే ఈ మనిషి నెమ్మదిగా పొమ్మంటాడేమిటని మైలారయ్యకు ఒళ్ళు మండింది. అయినా మనసులోనే తిట్టుకుంటూ నడిచాడు.

మద్దిచెట్లు కనబడుతుండగా వెనకనుంచి గుర్రాల డెక్కల చప్పుడు వినిపించింది. వస్తున్నది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మహారాయలవారే! జుట్టు తడిసి భుజాల మీద వేలాడుతోంది. చెవుల్లో నలుగుపిండి అలాగే ఉంది. కాళ్ళకు చెప్పుల్లేవు. సాంబ్రాణి వాసన ఆయనకన్నా ముందే వచ్చింది.

"ఆపండి!" అని అరిచాడు. "కోనప్పా! స్నానం చేసి బయటికొస్తే నా ఇల్లు ఇల్లులా లేదు! గాలి ఇటు వచ్చి అటు పోతోంది! కాళ్ళకు తొడుక్కుందామంటే పాదుకల్లేవు, కూర్చుందామంటే సింహాసనం లేదు! దర్బారులో ఊరకుక్క పడుకుని ఉంది! అదిలిస్తే కూడా లేవలేదు!"

"అది ఏ ఒట్టూ వేయలేదు ప్రభూ, అందుకని రాలేదు" అన్నాడు కోనప్ప బండి దిగి.

"నోర్ముయ్! నా కాపలావాళ్ళు కాపలాలు విడిచి ఇక్కడున్నారు. నీ తల ఇక నాది."

"తీసుకోండి ప్రభూ. కానీ ముందు ఎవడు విడిచాడో మీరే స్వయంగా అడిగి చూడండి."

రాజు గుర్రం దిగి మొదటి బండి దగ్గరికి వెళ్ళాడు. "నువ్వు! నీ కాపలా ఏది?"

"తూర్పు వాకిలి తలుపు ప్రభూ. ఇదిగోండి, నా చెయ్యి దాని మీదే ఉంది."

"నువ్వు?"

"గొడుగు ప్రభూ. మీ నెత్తి మీదే పట్టాను చూడండి."

"నువ్వు?"

"మంచం ప్రభూ. రాగులు పడుకుని ఉన్నాయి, లేపమంటారా?"

రాజు బండి బండికీ తిరిగాడు. ఒక్కడు దొరికితే ఒట్టు! అందరి చేతులూ వాళ్ళ వాళ్ళ వస్తువుల మీద ఉన్నాయి. బుడ్డన్న అయితే జాడీని చంకనెత్తుకునే నిలబడ్డాడు. రాజు మొహం కందగడ్డలా అయింది.

"ఇది మోసం! కాపలా అంటే కోటలో ఉండి కాయాలి!"

"ఆ ఒట్టు కోటలో పుట్టలేదు ప్రభూ" అన్నాడు కోనప్ప. ఇప్పుడతని గొంతులో ఎగతాళి లేదు. "మందలో పుట్టింది. మన తాతలు ఆవు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నారు గానీ బీడు మీద కాదు. ఎందుకంటే మంద ఒకచోట ఉండదు, మేత ఎక్కడుంటే అక్కడికి పోతుంది, దాని వెంట కాపరి పోవాలి. ఈ సంగతి నాకు చెప్పింది మీరే. ఎండిపోయిన ఏడాది మీ మందను నడిపించుకుంటూ పోతూ చెప్పారు. అప్పుడు కూడా మీ కాళ్ళకు చెప్పుల్లేవు."

 రాజు తన పాదాల వైపు చూసుకున్నాడు. దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. కానీ అంత తొందరగా ఓడిపోతే ఆయన మహారాయలు ఎలా అవుతాడు? ఉన్నట్టుండి కళ్ళు మెరిశాయి.

"దొరికావు కోనప్పా! రౌతులు లేకుండా మద్దివాగు దాటలేవు. కోటలో రౌతులంటే నా అంగరక్షకులే. వాళ్ళు ఒట్టు వేసింది నా ఒంటి మీద. వాళ్ళను నువ్వు తీసుకురాలేకపోయావు కదూ?"

కోనప్ప చేతులు కట్టుకుని వినయంగా వంగాడు. "నిజమే ప్రభూ. కోటలో అన్ని వస్తువులనూ బండెక్కించగలిగాను గానీ ప్రభువులవారిని ఎత్తి బండిలో వేసే ధైర్యం చాల్లేదు. అందుకే పాదుకలు పట్టుకొచ్చాను. వాటికోసమైనా మీరే వస్తారని."

రాజు తల తిప్పి వెనక్కి చూశాడు.

వెనక అంగరక్షకులందరూ బారులు తీరి ఉన్నారు. మెరికల్లాంటి గుర్రాలు, చేతుల్లో ఈటెలు. రాజు కదిలాడు కాబట్టి వాళ్ళూ కదిలారు. ఒట్టు ఒట్టే కదా.

మైలారయ్య నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఇందుకా ఈ మనిషి పొద్దుటినుంచీ మాటిమాటికీ వెనక్కి చూస్తున్నది! ఇందుకా ఎద్దులకు ఆయాసమన్నది! తను ఇన్నేళ్ళుగా సైన్యాన్ని నడిపిస్తున్నాడు. రాజుగారినే ఎర వేసి రౌతులను రప్పించే ఆలోచన ఏడు జన్మలెత్తినా తనకు రాదు. ఇందాక మనసులో తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

నవ్వాలో నరకాలో రాజుకు తేలకముందే మద్దిచెట్ల వెనకనుంచి దుమ్ము లేచింది. చక్రవర్తి రౌతులు!

వాళ్ళు అంతకుముందు రెండుసార్లూ వచ్చినట్టే వచ్చారు. దిక్కులేని బండ్లు నాలుగు దొరుకుతాయని వచ్చినవాళ్ళకు ఎదురుగా రాజుగొడుగు కనబడింది, సింహాసనం కనబడింది. రాజుగొడుగు వచ్చిందంటే దాని వెనకాముందూ దండంతా ఉండి తీరాలి. వాళ్ళ చక్రవర్తి బయల్దేరితే అంతే కదా. గుర్రాలు టక్కున ఆగాయి. వాళ్ళ నాయకుడు ఏమీ తోచక, "ముందు బాణాలెయ్యండి, చూద్దాం" అన్నాడు.

బాణాలు వచ్చి టేకు తలుపుల్లో దిగబడ్డాయి. తూర్పు వాకిలి భటుడొకడు తలుపు వెనకనుంచి తల బయటపెట్టి, "ఇన్నాళ్ళూ దీన్ని నేను కాశాను, ఇవాళ ఇది నన్ను కాసింది రోయ్!" అని కేకేశాడు. బుడ్డన్న జాడీని గడ్డిలో దింపి, ఎడమకాలు దాని పక్కనే ఆనించి, విల్లెత్తి ఒక్క బాణం వేశాడు. శత్రునాయకుడి తలపాగా ఎగిరి వాగులో పడింది.

ఎద్దులు బెదిరాయి. బండ్లు దారికి అడ్డం తిరగబోయాయి. అదీ అసలైన గండం. బండ్లు చిక్కుపడితే అంతా బూడిదే. మైలారయ్య ముందు ఎద్దుల పగ్గాలు పట్టుకుని వేలాడాడు గానీ అవి ఈడ్చుకుపోతున్నాయి.

అప్పుడు వినిపించింది ఒక కేక. "హోయ్... హో హో హోయ్!"

మందలు మళ్ళించే కేక అది. ఏడుగుట్టల సీమలో పుట్టిన ఏ ఎద్దుకైనా తెలిసిన కేక. ఆ కేక వేసినవాడు మహారాయలు కాదు, పాత బయ్యప్ప! కాడి పట్టుకుని, ఎద్దుల మూపులు తడుతూ, ఉత్త కాళ్ళతో వాగులోకి దిగి పరుగెడుతున్నాడు. ఎద్దులు చెవులు రిక్కించి ఆయన వెంట పడ్డాయి. రాజు పరుగెడితే అంగరక్షకులు నిలబడతారా? ఈటెలు దించి గుర్రాలను ఉరికించారు. వెనకబండి మీద నగారా దడదడలాడింది. చక్రవర్తి రౌతులకు వెనక ఇంకెంత దండు వస్తోందో అని అనుమానం వచ్చింది. నీళ్ళలో పడ్డ తలపాగాను కూడా ఏరుకోకుండా వచ్చిన దారినే పోయారు.

సాయంత్రానికి బండ్లు గద్దకనుమ చేరాయి. బండ్లు ఆగకముందే మైలారయ్య ముందుకు పరుగెత్తాడు. లింగన్న ఒక బండరాయికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. డొక్కలు లోపలికి పోయాయి, గడ్డం పెరిగిపోయింది. అయినా విల్లు ఒళ్ళోనే ఉంది.

"అన్నా, బండ్లకు కాపలా ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు నీరసంగా.

"తలుపులిచ్చాయిరా" అన్నాడు మైలారయ్య. తమ్ముడి తల గుండెకు హత్తుకుని భోరుమన్నాడు.

పెద్ద పెద్ద కుండల్లో రాగిసంకటి కుతకుత ఉడికింది. ఆకులు పరిచారు. కనుమ సైనికులు వేడి ముద్దలు ముందు పెట్టుకుని, నంజుకోవడానికి ఏమైనా ఉందా అన్నట్టు బుడ్డన్న వైపు చూశారు. బుడ్డన్న జాడీని గట్టిగా పట్టుకున్నాడు.

"నేను ఒట్టు వేశాను. ముట్టనివ్వను" అన్నాడు దీనంగా. అతనికీ నోరూరుతూనే ఉంది.

రాజు లేచి వచ్చాడు. జాడీకి కట్టిన గుడ్డ తనే విప్పాడు. ఒక్కొక్క ఆకులో తన చేత్తో ఊరగాయ వడ్డించుకుంటూ పోయాడు. చివర్న లింగన్న ఆకులో రెండు ముక్కలు ఎక్కువే వేశాడు. జాడీ ఖాళీ అయ్యాక బోర్లించి చూపించి, "బుడ్డన్నా, నువ్వున్నంతసేపు అన్నావు కదా, ఇక లేదు. నీ ఒట్టు తీరింది" అన్నాడు.

అని, ఉన్నట్టుండి నవ్వు మొదలుపెట్టాడు. పాదుకలూ, బోడి వాకిళ్ళూ, లేవని కుక్కా, తన వెంట తనే తెచ్చిన రౌతులూ ఒక్కొక్కటే గుర్తొస్తుంటే పొట్ట పట్టుకుని నవ్వాడు. కూర్చుందామని సింహాసనం కోసం చూస్తే దాని మీద కాలికి దెబ్బ తగిలిన సైనికుడు పడుకుని ఉన్నాడు. రాజు రాగుల మూట మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

"కోనప్పా, గెలిచావోయ్. అడుగు, ఏం కావాలి?"

"తలుపులు ఇక్కడే వదిలేయండి ప్రభూ. ఈ కనుమకు వాటి అవసరం ఉంది."

"మరి నా కోట? తలుపుల్లేకపోతే కుక్కలొస్తాయయ్యా!"

"జనం కూడా వస్తారు ప్రభూ. మీరు రాజయ్యాక వాళ్ళు లోపలికి వచ్చిందే లేదు."

రాజు నవ్వు ఆగింది.  ఆయన పట్టుపీట మీది పాదుకలు తెప్పించి కోనప్ప చేతుల్లో పెట్టాడు. "తలుపులు ఇక్కడే ఉంటాయి. ఇవి నీకు. నాకు ఉత్త కాళ్ళతోనే పరుగు బాగా వస్తోంది."

"అమ్మో, వీటి వెంట నలుగురు భటులు కూడా వస్తారు కదా ప్రభూ! అంతమందిని వెంటేసుకుని ఇంటికెళితే మా ఆవిడ నాకు కూడా అన్నం పెట్టదు!"

కనుమంతా ఘొల్లుమంది. రాజు లేచి నిలబడి చెయ్యెత్తాడు. "అయితే వినండి. ఇవాళ్టితో ఆ ఒట్లన్నీ నేనే తీర్చేస్తున్నాను. ఇక మీదట ఈ సీమలో కాపలావాడు ఒట్టు వేస్తే రాగుల మూట మీదే వేయాలి. అది కనుమకు చేరేదాకా దాన్ని విడవకూడదు."

భటులందరూ వరసలో నిలబడ్డారు. వాళ్ళకన్నా ముందు ఒక మనిషి వెళ్ళి మూట మీద చెయ్యి ఆనించాడు. చెవుల్లో నలుగుపిండి ఇంకా అలాగే ఉంది. "నువ్వున్నంతసేపు నిన్ను విడవను" అన్నాడు. మైలారయ్య తమ్ముడి పక్కన కూర్చుని అది చూశాడు. ఆ రోజునుంచి తన రాజును చూస్తే అతనికి మళ్ళీ మనస్ఫూర్తిగా దండం పెట్టబుద్ధయ్యేది.

ఆ దారిలో తరవాత ఒక్క బండి కూడా దోపిడీ కాలేదు. యుద్ధం ముగిసి చక్రవర్తి దండు వెనక్కి పోయేదాకా గుట్ట మీది కోటకు తలుపులు బిగించలేదు. జనం వచ్చేవారు, పోయేవారు, రాజుతో పోట్లాడేవారు. దర్బారులో పడుకున్న ఆ ఊరకుక్క మాత్రం ఎవరు అదిలించినా కదల్లేదు. తలుపుల్లేని ఆ కోటకు అదొక్కటే కాపలా.